పంచె మీద బాణం గుర్తు

ఈ దసరా నాడు దెందులూరు దగ్గర మా ఆటో ఆగిపోయింది. రోడ్డుకి సగం అడ్డంగా ఒక పొక్లెయిన్ నిలబెట్టి పూజ చేస్తున్నారు. దాని ఇనప చేతికి మూరల కొద్దీ బంతిపూల దండ చుట్టారు. పళ్లున్న తొట్టికి పసుపు రాసి బొట్లు పెట్టారు, కింద నిమ్మకాయలు పేర్చారు. "అయిదు నిమిషాలండీ, గుమ్మడికాయ కొట్టేస్తే కదిలిపోతారు," అన్నాడు ఆటో అతను. సరే బాబూ అన్నాను. ఈమధ్య ఎవరేమన్నా సరేనంటున్నాను, కాదనడానికి ఓపిక కావాలి కదా. ఆ అయిదు నిమిషాలూ చాలాసేపు సాగాయి. దండలోంచి ఊడిన బంతిపువ్వొకటి గాలికి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు పక్కన ఆగింది. తీసి వాసన చూశాను. అందరికీ బంతిపువ్వు దగ్గర బంతిపువ్వు వాసనే వేస్తుంది. నాకు కొల్లేటి బురద వాసన వేస్తుంది, మా మేనత్త గుర్తొస్తుంది, ఆ వెనకే ఎక్కడలేని నీరసం కమ్ముకొస్తుంది.

నేను ఏలూరులో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. చెప్పినవి అందరూ చెప్పే పాఠాలే గానీ, నేను చదువుకున్నది మాత్రం పుప్పొడి గురించి. పువ్వు వాడిపోతుంది, చెట్టు పుచ్చిపోతుంది. పుప్పొడి రేణువు పైపొర మాత్రం బురదలో పడిందంటే వేల ఏళ్లు చెక్కుచెదరదు. విత్తనాలకి బదులు ఫెర్న్ మొక్కలు రాల్చే సిద్ధబీజాలూ అంతే. నీళ్లడుగున ఏ కాలపు మట్టి ఆ కాలానికి పొరగా పేరుకుంటుంది, పొరలో ఆ కాలపు పుప్పొడి ఉండిపోతుంది. నిలువుగా ఒక గొట్టం దింపి, మట్టిని చెదరకుండా పైకి లాగి, చిటికెడు చొప్పున తీసి యాసిడ్లలో కడిగి మైక్రోస్కోపు కింద పెడితే, ఒకప్పుడు అక్కడ ఏ మొక్కలుండేవో, వానలు ఎలా పడేవో, నీళ్లు ఉప్పగా ఉండేవో చప్పగా ఉండేవో తెలుస్తుంది. మడచెట్ల పుప్పొడి దొరికితే సముద్రపు పోటు అక్కడిదాకా వచ్చేదన్నమాట. జమ్మూ తుంగా దొరికితే మంచినీళ్లన్నమాట. ఇంత చదువుకీ ఒకటే నియమం: పైది పైన ఉండాలి, కిందది కింద ఉండాలి. అది తప్పిందంటే ఆ మట్టి పొయ్యి అలుక్కోవడానికి పనికొస్తుంది. మావాళ్లకి ఇదంతా వివరించబోయి ఎప్పుడో విరమించుకున్నాను. పెళ్లిళ్లలో మా అత్తయ్యే నన్ను పదిమందికీ పరిచయం చేసేది, "మా అన్నయ్య కూతురండీ, దుమ్ము మీద పరిశోధన చేస్తుంది," అని, చాలా గర్వంగా.

నాకీ పిచ్చి అంటించిన గురువుగారు రిటైరయ్యాక తాడేపల్లిగూడెంలో ఉండేవారు. చూపు మందగించి, సీసా అడుగుల్లాంటి అద్దాలు పెట్టుకుని, కొల్లేటి గురించి తప్ప ఇంకో మాట మాట్లాడేవారు కాదు. ఒకప్పుడు సముద్రం కొల్లేటిదాకా ఉండేదనీ, అది వెనక్కి పోయాక సరస్సు మంచినీళ్లదైందనీ అందరూ చెప్పుకునేదే. ఆయనకి ఒక అనుమానం ఉండేది. మంచినీళ్లయ్యాక సముద్రం ఇంకోసారి వచ్చి వెళ్లిందేమోనని. "ఒకసారి పోయిన ఉప్పు మళ్లీ వచ్చిందంటే, ఇకముందు రాదని ఎవరు చెప్పగలరమ్మా? ఇన్ని ఊళ్లున్నాయి, ఇంత వరి ఉంది. ఈ ఒక్కటీ తేలితే ఈ కళ్లజోడు తీసి పక్కన పెట్టేస్తాను," అనేవారు. తేలాలంటే ఎవరూ తవ్వని మట్టి కావాలి. కొల్లేటి చుట్టూ అదే లేదు. ఎటు చూసినా చేపల చెరువులే. తవ్వి గట్టు పోసి, మళ్లీ పూడిక తీసి గట్టు పోసి, కిందది పైకీ పైది కిందకీ ఎన్నిసార్లు తిరిగిందో ఆ మట్టికే తెలియదు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి నా కాళ్లు వాచాయి. ఏ లంక గ్రామానికి వెళ్లినా "అయ్యో, కిందటేడు రావల్సిందండీ," అని మర్యాదగా కాఫీ ఇచ్చి పంపేవారు.

చివరికి ఆ మట్టి మా అత్తయ్య వాళ్ల బాడవలోనే మిగిలింది. కొల్లేటి అంచున పల్లపు ముక్క అది, వరికి పనికిరాదని గేదెలకి వదిలేశారు. మనిషెత్తు కిక్కిస గడ్డి పెరిగి ఉండేది. దాన్నీ చేపల చెరువుకి లీజుకిచ్చేశామని మావయ్యగారు ఫోన్ చేశారు. "ఎల్లుండి మిషనొస్తుందమ్మా. నీ మట్టేదో ముందే తీసేసుకో. తరవాత మావయ్య చెప్పలేదని నన్ననకు," అన్నారు.

చలి వెళ్లీ వెళ్లని రోజులు. మర్నాడే వెళ్లాను. మావయ్యగారు ఇద్దరు మనుషుల్నిచ్చారు. వెదుళ్లతో ముక్కాలి నిలబెట్టి, నా ఎత్తు ప్లాస్టిక్ గొట్టాన్ని దిమ్మెసతో కొట్టి దించి, గొలుసూ కప్పీ వేసి లాగేసరికి మధ్యాహ్నం దాటింది. మట్టి తెగకుండా, జారకుండా నిండుగా వచ్చింది. నాకు నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. రెండు చివరలా పాలిథిన్ కట్టాను. గొట్టమంతా బురద తడి, మార్కరు అంటుకోలేదు. తేమ ఆరకుండా మావయ్యగారి పాత పంచె తడిపి చుట్టి, దాని మీద బొగ్గుతో పెద్దగా బాణం గుర్తు వేసి, పక్కన "పైన" అని రాశాను. దాన్ని ఇద్దరూ భుజాల మీద మోసుకొచ్చి ఏలూరు బస్సు దగ్గర దించారు. కండక్టరు కిందకి దిగి, ఒక నమస్కారం పెట్టి, "శవాన్ని ఎక్కించుకోకూడదండీ, మా డిపోలో ఊరుకోరు," అన్నాడు. "శవం కాదండీ బాబూ, మట్టి," అన్నాను. "ఎవరైనా చివరికి మట్టేనండి," అని రైట్ చెప్పేశాడు. చేసేదిలేక గొట్టాన్ని అత్తయ్య వాళ్ల అరుగు మీదే పెట్టించాను. మర్నాడు వ్యాను తెచ్చుకుని వస్తానని, ఎవరూ ముట్టుకోకూడదని పదేపదే చెప్పాను. "నేనున్నాగా, నువ్వు నిశ్చింతగా వెళ్లిరా," అంది అత్తయ్య.

మర్నాడు పొద్దున వ్యాను దిగేసరికి గొట్టం తళతళలాడుతూ ఉంది. ఒళ్లంతా శుభ్రంగా కడిగి, పసుపు రాసి ఉంది. పాలిథిన్లు లేవు. రెండు చివరలా గుప్పెడేసి బంతిపూలు కుక్కి ఉన్నాయి. పంచె పెరట్లో తీగ మీద ఆరుతోంది, మల్లెపూవులా తెల్లగా. బాణమూ లేదు, అక్షరాలూ లేవు. నేను గుమ్మంలోనే కూలబడ్డాను.

"ఏం చెయ్యమంటావమ్మా?" అంది అత్తయ్య మంచినీళ్లు తెచ్చి. "తెల్లపంచె చుట్టి, ఉత్తరం తలగా అరుగు మీద పడుకోబెట్టి పోయావు. వాకిట్లోకొచ్చిన ప్రతివాళ్లూ ఎవరండీ, ఎప్పుడు పోయారండీ అని అడగడమే. పక్కింటావిడైతే ఏడవడానికి కొంగు కూడా సర్దుకుంది. ఇంట్లో మగమనిషి ఉన్నాడు, నాకు భయం కాదా? అందుకని విప్పేసి, పనిమనిషీ నేనూ పెరట్లోకి మోసుకెళ్లి కడిగాం. తూర్పుకి పెడితే మీ మావయ్య కాళ్లకి అడ్డమొస్తోందన్నారు. మళ్లీ తిప్పాం. కంపు కొడుతోందని పూలు పెట్టాను. పాడు చెయ్యలేదే తల్లీ, మట్టి మట్టిలాగే ఉంది."

"తిప్పినప్పుడు ఏ చివర ఎటొచ్చింది అత్తయ్యా?"

"రెండు చివరలూ ఒక్కలాగే ఉన్నాయి కదే!"

ఇంకో గొట్టం దింపుదామని బాడవకి పరిగెత్తాను. పొక్లెయిన్ అప్పటికే దిగి ఉంది. కిక్కిస మొత్తం ఓ పక్కకి కుప్ప పడి ఉంది. నల్లటి మట్టిని తొట్టి తొట్టిగా ఎత్తి గట్టు మీద పోస్తున్నారు. కొంగలు చుట్టూ చేరి పురుగులేరుకుంటున్నాయి. కాసేపు నిలబడి వచ్చేశాను. ఎవరి మీదా కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది, మనిషికి కాస్త ఊపిరి ఆడుతుంది.

మీరు అడగొచ్చు, పైమట్టి మెత్తగా, అడుగుమట్టి గట్టిగా ఉండదా అని. ఈ కాలపు పైపొరని ఏటేటా వరద ఊడ్చుకుపోయేది, మిగిలినదాన్ని గేదెలు తొక్కి తొక్కి రాయి చేశాయి. కిక్కిస వేళ్లు నిలువునా దిగి మట్టి మొత్తాన్నీ అల్లుకుపోయాయి. వయసు కట్టే పరీక్షకి పంపితే, ఇన్ని వేళ్లున్న మట్టికి లెక్క నమ్మలేమని తిప్పి రాశారు. నేను మాత్రం నెలల తరబడి మైక్రోస్కోపు మీద మెడ వంచి కూర్చున్నాను. రెండు చివరలా ముళ్లముళ్లుగా బంతిపుప్పొడి కనిపించింది, అత్తయ్య చలవ. అది దాటి లోపలికి వెళ్తే ఒక చివర జమ్ము, తుంగ, నీటి ఫెర్న్‌ల సిద్ధబీజాలు. రెండో చివర మడచెట్లు, కుప్పలు తెప్పలుగా మడచెట్లు. మడ కిందదైతే అందరూ చెప్పుకునే కథే. మడ పైదైతే గురువుగారి అనుమానం నిజం. ఉప్పు వెళ్లి, మళ్లీ వచ్చింది. తేలాల్సిందల్లా ఏది పైన అన్నదొక్కటే. మడ ఉన్న చివర కిందదే అయ్యుంటుందిలే అనుకుంటే ఇక వెతకడం ఎందుకు?

ఆఖరి ఆశగా అత్తయ్య దగ్గరికే మళ్లీ వెళ్లాను. కళ్లు మూసుకుని నెమ్మదిగా గుర్తు చేసుకోండి, విప్పేటప్పుడు బాణం మొన ఎటుంది, వీధి వైపా గోడ వైపా అని అడిగాను. ఆవిడ కళ్లు మూసుకుంది, తెరిచింది. నా మొహం చూసింది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "నీకెటైతే మంచిదో చెప్పమ్మా. అటే ఉందంటాను. ఎవరొచ్చి అడిగినా, ఎక్కడికి రమ్మన్నా వచ్చి అదే చెబుతాను," అంది. అంత ప్రేమగా నాకెవరూ సాక్ష్యం ఇస్తామనలేదు. ఆ మాటతో ఆ సాక్ష్యం పనికిరాకుండా పోయింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. భోజనం చేసి వచ్చేశాను.

తాడేపల్లిగూడెం వెళ్లి గురువుగారికి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు. ఇక పక్కన పెట్టేస్తారనుకున్నాను. కండువాతో అద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "పోన్లేమ్మా. కొల్లేటికి తెలుసు కదా," అన్నారు. పోయేదాకా ఆ కళ్లజోడు తీసి పక్కన పెట్టలేదు.

గుమ్మడికాయ పగిలింది, పొక్లెయిన్ కదిలింది. ఆటో అతను, "బయల్దేరదామాండీ?" అన్నాడు. బంతిపువ్వు నా చేతిలోనే నలిగిపోయి ఉంది, వేళ్లకి పచ్చగా పుప్పొడి. అత్తయ్యా లేదు, గురువుగారూ లేరు. ఇద్దరిలో ఎవరు ముందు పోయారో చెప్పమంటే ఈమధ్య ఒక్క క్షణం తడుముకుంటున్నాను. గడిచిన కాలమంతా నా దగ్గర చెదరకుండానే ఉంది. ఏది ముందో చెప్పే బాణాన్ని మాత్రం ఎవరో మంచి మనసుతో ఉతికి ఆరేశారు.