ఎడమ చెయ్యి కూడా కనబడాలి

ఆ వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ రేడియో అనే పిలుస్తారు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడకు గుడ్డ కట్టింది మొదలు వెనక అద్దం పట్టి చూపించేదాకా ఆయన నోటికి విశ్రాంతి ఉండదు. గడ్డం గీయించుకునేవాడు ఎలాగూ నోరు మెదపలేడు కాబట్టి ఎదురు చెప్పే దిక్కూ లేదు. అంతటి వాగుడుకాయకు దొరికిన భార్య పుట్టుకతోనే వినపడని మనిషి. "అదృష్టమంటే ఆవిడదేనయ్యా" అని గిరాకీలు వేళాకోళం చేస్తే అందరికంటే ముందు ఆయనే పగలబడి నవ్వుతాడు.

ఆవిడ లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. చిన్నప్పుడు వినపడని పిల్లల బడిలో చదువుకుంది కాబట్టి సైగల భాష ఆవిడ చేతుల్లో ఏరులా పారుతుంది. ఆయనకు మాత్రం వంటింటి సైగలు దాటి రాలేదు. ఆకలేస్తోందా, తాళం ఎక్కడ, కోపం వచ్చిందా, ఇలాంటివి. సంసారానికి అవి సరిపోయాయి. వార్తలకు సరిపోలేదు. సాయంత్రం టీవీలో అరగంట సేపు లోకమంతా తలకిందులవుతుంటే, ఆవిడ ఆయన భుజం తట్టి "ఏమంటున్నారు?" అని అడిగేది. ఆయన అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపేవాడు. ఏం లేదులే, మామూలే అని దాని అర్థం. ప్రభుత్వం మారిన రోజున మాత్రం కాస్త శ్రమపడి రెండు బొటనవేళ్ళతో వాడు పోయాడు, వీడొచ్చాడు అని చూపించాడు. కింద పరిగెత్తే అక్షరాలు చదువుకుని మిగతాది ఆవిడే ఊహించుకునేది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురికి మాటకంటే ముందు సైగ వచ్చింది. ఉయ్యాలలోనే తల్లి వేళ్ళను చూసి వేళ్ళు ఆడించేది. పెద్దయ్యాక ఆ సైగల భాషే చదువుకుని, పరీక్షలు రాసి, ఇప్పుడు సాయంత్రం వార్తల్లో తెర కుడివైపు మూలన చిన్న గడిలో నిలబడి వార్తలన్నీ చేతులతో చెబుతోంది. రేడియో ఊరుకుంటాడా? సెలూన్లో అడుగుపెట్టిన ప్రతివాడికీ సబ్బు నురగతోపాటు ఆ సంగతీ పూసి పంపించాడు.

"ఓహో, మూలన నిలబడి చేతులు ఊపుతుందే, ఆ అమ్మాయా?" అన్నాడు ఒక గిరాకీ.

రేడియోకి ఒళ్ళు మండింది. చేతిలో కత్తి ఉంది కాబట్టి కోపం తగ్గాక మాట్లాడాడు. "ఊపడం కాదు బాబూ. చెప్పడం. చదివే ఆయన కాయితం చూసి చదువుతాడు. మా అమ్మాయి విన్నది విన్నట్టు చేతుల్లోకి మార్చాలి. ఒక్క వేలు తప్పితే వార్త తప్పినట్టే."

అయితే ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ళ టీవీ చదరపు మొహంది, బొజ్జంత వెనకభాగం ఉన్న పాతకాలంది. ఇప్పటి వార్తలు వెడల్పు తెర కోసం తీస్తున్నారు. ఆ పాత టీవీ బొమ్మ నడిమి భాగం మాత్రం ఉంచి రెండు పక్కలా కోసేసేది. వార్తలు చదివే ఆయన నిక్షేపంగా ఉండేవాడు. మూలనున్న కూతురే సగానికి తెగిపోయేది. కుడిచెయ్యి మాత్రం కనబడేది. ఎడమచెయ్యి తెర అవతల ఎక్కడో ఏదో చెప్పేది. తల్లి మాత్రం రోజూ టీవీకి ఎదురుగా కుర్చీ లాక్కుని, ఒక్క చేతిని చూసి రెండో చేతిని ఊహించుకుంటూ కూర్చునేది.

ఒకరోజు ఫోన్లో మొహాలు చూసుకుంటూ తల్లి కూతుర్ని సైగలతో నిలదీసింది. "ఎడమ చెయ్యి ఎక్కడ దాచుకున్నావు?"

కూతురు నవ్వింది. చేతులతో చెబుతూనే తండ్రి కోసం పైకీ అంది. "ఇక్కడే ఉందమ్మా. మీ టీవీయే మింగేస్తోంది. నాన్నా, అమ్మకి నేను సగమే కనబడుతున్నానట, నీకు తెలుసా?"

రేడియో టీవీ వంక తిరిగాడు. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని చూశాడు. కూతురు తెరమీద ఉందన్న గొప్పే గాని, ఆమె చెప్పేది భార్యకు అందుతోందా లేదా అన్న ఆలోచనే రాలేదు. మర్నాడు సాయంత్రం సెలూన్ పెందలాడే మూసేసి, భార్యను వెంటబెట్టుకుని టీవీల దుకాణానికి బయల్దేరాడు.

దుకాణం నిండా గోడలకు టీవీలే. అన్నిటిలోనూ ఒకటే జలపాతం, ఒకటే రామచిలుక. దేనికీ శబ్దం లేదు. పైన మాత్రం చెవులు చిల్లులు పడేలా పాట. మీసాల సేల్స్‌మన్ ఎదురొచ్చి, గోడలో సగం ఉన్న టీవీ ముందుకు తీసుకెళ్ళాడు.

"చూడండి సార్, నీటి బొట్లు కూడా లెక్కపెట్టొచ్చు."

రేడియో మొహం మతాబులా వెలిగింది. ఇంత తెరమీద కూతురు! సెలూన్లో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? "ఇదే ఇచ్చెయ్యండి" అనబోతుంటే భార్య మోచెయ్యి పట్టుకుని ఆపింది. మనం రోజూ చూసేది జలపాతం కాదు, వార్తలు పెట్టమను అని సైగ చేసింది. రేడియో ఆ మాట సేల్స్‌మన్‌కి చెప్పాడు.

"షోరూంలో వార్తలెందుకు మేడమ్? ఇది చూస్తేనే క్వాలిటీ తెలుస్తుంది."

"ఆవిడకి వినపడదు సార్, నాతో చెప్పండి" అన్నాడు రేడియో. "చెప్పినా లాభం లేదనుకోండి, వార్తలు పెట్టేదాకా ఇక్కణ్ణుంచి కదలదు. కాపురం చేస్తున్నవాణ్ణి, నాకు తెలుసు."

సేల్స్‌మన్ గొణుక్కుంటూ ఆ వరసలోని టీవీలన్నిటికీ వార్తలు కలిపాడు. సరిగ్గా వార్తల వేళే. గోడ పొడుగునా ప్రతి తెర మూలనా వాళ్ళమ్మాయి, రెండు చేతులతో, నిండుగా ప్రత్యక్షమైంది. రేడియో ఆ తెరలన్నిటినీ వేలు పెట్టి లెక్కపెట్టాడు.

ఆవిడ మాత్రం పెళ్ళిచూపులకొచ్చిన అత్తగారిలా పనిలోకి దిగింది. పెద్ద టీవీ ముందు నిలబడి మూలనున్న గడినే చూసింది. కూతురు వేగంగా చెబుతుంటే వేలి వెనక వేలి నీడ పడుతోంది, వేళ్ళు అలుక్కుపోతున్నాయి. తల అడ్డంగా ఊపింది. రెండోదాని పక్కకు వెళ్ళి నిలబడింది. ఇంట్లో బట్టలు మడతపెట్టే బల్ల టీవీకి ఓరగా ఉంటుంది, అక్కణ్ణుంచీ చూడాలి కదా. ఓరగా చూస్తే దాని రంగులు వెలిసిపోయాయి. అదీ కాదంది. మూడోది వాటికంటే చిన్నది, ఎవరూ ఆగి చూడనిది. ఎదురుగా చూసింది, ఓరగా చూసింది. అక్కడే ఉండిపోయింది.

అప్పుడే తెరమీద పెద్ద అక్షరాలు పడ్డాయి. వంతెన మూసివేత. దుకాణంలో ఉన్నవాళ్ళు గుమిగూడారు.

"ఏ వంతెన? మేం దాని అవతలే ఉంటాం! సౌండ్ పెట్టండయ్యా" అంది సంచి పట్టుకున్న ఒకావిడ.

సేల్స్‌మన్ రిమోట్లు వెతకసాగాడు. ఇన్ని టీవీలకు ఏది దేనిదో అతనికే తెలియలేదు. ఇంతలో భార్య రేడియో చొక్కా పట్టుకుని లాగి సైగ చేసింది. ఆయనకు అర్థం కాలేదు. మళ్ళీ చేసింది, ఈసారి నెమ్మదిగా, గాలిలో వంతెననీ బస్సునీ గీస్తూ, పసిపిల్లాడికి చెప్పినట్టు. రేడియో గొంతు సవరించుకున్నాడు.

"పాత వంతెనేనట. రేపు పొద్దుట్నుంచీ. బస్సులు... ఆగండి, ఆవిడ చెబుతోంది... బస్సులు చుట్టూ తిరిగి వెళ్తాయట. నడిచేవాళ్ళని వదులుతారట. గోడ బీట వారిందట, బాగుచేస్తారట."

"మీకెలా తెలుసు?" అంది ఆ సంచి ఆవిడ.

రేడియో తెర మూలకు వేలు చూపించాడు. "ఆ అమ్మాయి చెప్పింది. ఈవిడ విన్నది. ఆ అమ్మాయి మా అమ్మాయి. ఈవిడ వాళ్ళమ్మ." తన గురించి చెప్పుకోవడం ఆ పూటకు మరిచిపోయాడు.

అందరూ ఆవిడవైపు తిరిగారు. ఆవిడ వాళ్ళను చూడలేదు. తెరలోని కూతురి బొటనవేలు కాస్త లోపలికి ముడుచుకుంటోంది, ఫోన్లో చెప్పాలి అని సైగ చేసింది. ఆవిడ మొహంలో ఉన్న గర్వాన్ని చూసి రేడియోకి కడుపు నిండిపోయింది. చిన్న టీవీనే కట్టించుకుని ఇంటికొచ్చారు.

మర్నాడు టీవీ గోడకెక్కింది. సాయంత్రం వార్తలు మొదలయ్యాయి. రేడియో రిమోట్ తీసుకుని మొట్టమొదటిసారి శబ్దం పూర్తిగా తగ్గించేశాడు. కూతురి రెండు చేతులూ ఆడుతున్నాయి. కాసేపు చూశాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. భార్య భుజం తట్టి, చేతనైన సైగతో అడిగాడు. ఏమంటోంది?

ఆవిడ తెరమీంచి చూపు తిప్పకుండానే అరచెయ్యి గాలిలో అటూ ఇటూ ఊపింది.

ఏం లేదులే, మామూలే.

రేడియోకి తలమీద మొట్టినట్టయింది. ఆ ఊపు ఆయనదే. ఎన్ని సాయంత్రాలు అలా ఊపాడో. తలదించుకుని కూర్చున్నాడు. క్షమించమనడానికి వంటింట్లో సైగ ఉందిగాని, ఇంతదానికి అది చాలదనిపించింది.

ఆవిడ ఓరకంట చూసి నవ్వింది. కుర్చీని ఆయనకూ తెరకూ మధ్య ఓరగా, రెండూ కనబడేలా జరుపుకుంది. కూతురు చెబుతున్నదాన్ని ఆయన అందుకోగలిగేటట్టు, ఒక్కొక్క వేలూ ఆపి ఆపి చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు వార్తల్లో ఆవిడ ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.