మా ఢిల్లేశు బావ ఆడిట్‌కి వస్తే

నిన్న పొద్దున్న టెక్కలిలో టీ తాగుతుంటే మా చెల్లి ఫోన్.

"అన్నియ్యా, ఢిల్లేసు బావ పోనాడు."

ఏ ఢిల్లేశు అని అడిగాను. తెలిసే అడిగాను. గుండెపోటట. టీ గ్లాసు అక్కడే పెట్టేసి పలాస బస్సెక్కాను.

మా మేనత్త కొడుకు. నాకంటే కొంచెమే పెద్ద. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఉద్దానం తీరంలో తుఫాను షెల్టర్లు కట్టే ప్రాజెక్టులో ఇద్దరం క్వాలిటీ ఆడిటర్లం. ఆడిట్ అంటే డబ్బు లెక్కలు కాదు. సైటుకి వెళ్లి, పని పద్ధతిగా జరుగుతోందో లేదో చూసి రిపోర్ట్ ఇవ్వడం.

వాడంటే నాకు కుళ్లు. ఇప్పటికీ.

పూండి దాటాక సముద్రం పక్కన ఒక షెల్టర్. చెక్‌లిస్ట్ పట్టుకుని పొద్దంతా ఎండలో తిరిగాను. కాంట్రాక్టర్ మనుషులు కుర్చీ వేశారు, కొబ్బరిబొండాలు కొట్టించారు, "అంతా ఓకే సార్" అన్నారు. నాకూ ఓకే అనిపించింది.

మర్నాడు బావ వచ్చాడు. ఫైల్ తెరవలేదు. జీడిచెట్టు కింద మేస్త్రీ పక్కన చతికిలబడ్డాడు.

"మావా, తుపానొత్తే నీ పిల్లల్ని ఇందులో ఏ మూల పండబెట్టవు? అది సెప్పు."

మేస్త్రీ లేచి, బావని సముద్రం వైపు స్తంభం దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఈ కాడ బాబూ. లోపల కాంక్రీటు సరిగ్గా దిగనేదు. మేం పైన పూత పూసీసినాం."

ముందురోజు నేను బొండం తాగింది ఆ స్తంభానికి ఆనుకునే!

రిపోర్ట్‌లో బావ మేస్త్రీ పేరు రాయలేదు. ఎప్పుడూ ఎవరి పేరూ రాయడు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా సరిచేయాలి, అంతే. స్తంభం కొట్టించి మళ్లీ కట్టించాడు. చేతి చమురు వదిలిన కాంట్రాక్టర్ మండిపడాలి కదా? కూతురి పెళ్లికి సోంపేట నుంచి శుభలేఖ పట్టుకొచ్చాడు. బావకి. నేను పక్కనే కూర్చున్నాను, నాకివ్వలేదు.

నౌపడ దగ్గర ఇంకో సైట్లో నేనూ అదే ప్రశ్న వేశాను. అక్కడి మేస్త్రీ చేతులు కట్టుకుని "అన్ని మూలలూ బాగున్నాయి సార్" అన్నాడు.

బావకి చెబితే పడీపడీ నవ్వాడు. "నీ మొకం సూత్తేనే ఆలకి బయ్యమేత్తాది బావా! ముందల కూకోని కాసేపు మాటాడు."

ఒళ్లు మండిపోయింది. కూర్చుని మాట్లాడాను కూడా. నాకు ఎవడూ ఏమీ చెప్పలేదు.

ఆ ఏడాదే వాణ్ని క్వాలిటీ ఇన్‌చార్జిని చేశారు. ఆఫీసంతా స్వీట్లు పంచింది నేనే. నేను మాత్రం ఒక్క ముక్కా తినలేదు.

నిన్న సాయంత్రం పలాసలో వాడి ఇంటి ముందు నిలబడటానికి చోటు లేదు. ఎవరి పని బాగోలేదన్నాడో వాళ్లే ముందుకొచ్చి పాడె మోశారు. నేను ఏడుస్తూనే ఆ జనాన్ని చూశాను. ఏడుస్తూనే కుళ్లుకున్నాను.

నేను పోతే ఇంతమంది రారు బావా. నాకు తెలుసు. నువ్వొక్కడివి వస్తే చాలనుకున్నాను.

ఇప్పుడు నువ్వూ రావు.

వెళ్లిరా బావా. ఎక్కడున్నా నీ ప్రాణం హాయిగా ఉండాలి.