ముడి వేయని పర్సు

హిందూపురం బస్టాండులో ఎర్ర దారంతో అల్లిన పర్సులు వేలాడుతుంటే, ముట్టబోయిన నా చెయ్యి వెనక్కి వచ్చింది.

చిన్నప్పుడు ధర్మవరంలో మా మేనత్త కొక్కెం సూదితో అలాంటివే అల్లేది. చివర ముడి వేయకముందు దారం లాగితే పర్సంతా ఊడిపోతుంది. లాగి తన్నులు తిన్నదాన్ని కాబట్టి నాకు బాగా తెలుసు.

ఒక సాయంత్రం మామ తాగొచ్చి, అల్లుకుంటున్న అత్తను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. మళ్లీ చెయ్యెత్తేసరికి అత్త ఆ అరచేతిలో సూది దించింది. ఆయన కేకకు ఎక్కడో ఉన్న పెనుకొండ కోట మీది కోతులన్నీ కిందికి దూకాయి. కొక్కెం కండలో చిక్కుకుంది. నెత్తురు కారుతున్న ఆ చేతికి సగం అల్లిన పర్సు వేలాడింది.

నేను దాని దారం కొస పట్టుకున్నాను. "అత్తా, లాగితే మామ ఊడిపోతాడా?"

అత్త పగిలిన పెదవి తుడుచుకుంది. "ఊడిపోతాడు పాపా, వేళ్ల కాడ్నుంచి తలకాయ దాకా. ఇంగోసారి చెయ్యెత్తితే లాగు."

"లాగాకు తల్లీ, నీకు దండం పెడ్తా," అంటూ మామ కూలబడ్డాడు.

కండ చీలుతుందని ఆయన భయం. మనిషే ఊడిపోతాడని నాది. అత్త సూది బయటికి తీసి, ఆ పర్సుకు ముడి వేయకుండా, కొస వేలాడేలా గుమ్మం మేకుకు తగిలించింది. తాగొచ్చినా మామ దాని కింద తల వంచుకునే పోయేవాడు.

ఆయన చనిపోయాకే అత్త దానికి ముడి వేసింది.