ఆగండి మేడం ఎదుటి కుర్చీ

“ఏమండీ, ఫిజిక్స్ ఉంచితే మార్కులు పోతాయి. తీసేస్తే రేపు కాలేజీ సీటుకి అదే అడ్డమొస్తుందేమో! నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.”

“ముందు లోపలికెళ్ళు. గేటు దగ్గరే పిల్ల జీవితం తేల్చేయకు,” అన్నాడు ఫోన్లో భర్త.

ఆమె నీళ్ళు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. పదో తరగతి గట్టెక్కిన కూతురు పక్కనే నిలబడి చెప్పు కొనతో నేలమీద గీతలు గీస్తోంది. పై రెండేళ్ళకి ఏ సైన్సులు తీసుకుంటుందో బడిలో ఇవాళే చెప్పాలి.

చెప్పాల్సింది ఆగండి మేడంకి. ఎవరేం మాట్లాడబోయినా “ఆగండి” అంటుందని పిల్లలు పెట్టిన పేరది. మెట్లకింద గదిలో, ఖాళీ బీకరులో పెన్నులు గుచ్చుకుని కూర్చుంటుంది. బల్లకి ఎదురుగా ఒక్కటే కుర్చీ, అది పిల్లలది. పెద్దవాళ్ళకి వెనక గోడవారన బెంచీ.

తల్లి ఇంకా సరిగ్గా కూర్చోనేలేదు. “మేం ఫిజిక్స్ తీసేద్దామనుకుంటున్నామండీ. మాకు అందులో మార్కులు తక్కువ.”

“ఆగండి. మేం అంటే ఎవరమ్మా? మీరు కూడా పరీక్ష రాస్తారా?”

కూతురు కిసుక్కున నవ్వి నోరు మూసుకుంది. తల్లి మొహం కందిపోయింది.

“ఏమనుకోకండి. మా అన్నయ్య కూడా ఇలాగే ‘మేం జువాలజీ తీసుకుంటాం’ అని నన్ను చేర్పించేశాడు. తీరా కోయడానికి మత్తిచ్చిన కప్పని చూసి పడిపోయింది నేను. మా ఇద్దర్లో ముందు తేరుకుంది కప్పే!” అంది మేడం. ఏడాది ఏడ్చి, మళ్ళీ మొదట్నుంచి కెమిస్ట్రీ చదువుకుందట. మోకాళ్ళు మొరాయించేదాకా ఈ బడిలోనే ఆ పాఠం చెప్పింది. నిలబడలేని రోజు వచ్చాక, పిల్లలకి దారి చూపే ఈ గది పని తనే అడిగి తీసుకుంది.

తర్వాత పిల్లవైపు తిరిగింది. “నీకేం కావాలి తల్లీ?”

పిల్ల ఎదుటి కుర్చీలో కూర్చుని బీకరులో పెన్నులవైపు చూసింది. ఫ్యాన్ కిర్రుమంటోంది. తల్లికి నాలుక చివరిదాకా వచ్చింది, “అది సిగ్గుపడుతోందండీ” అని. మేడం చెయ్యెత్తింది.

“ఫారంలో మీ ఉద్యోగం చూశాను. ల్యాబులో నీళ్ళ రంగు మారేదాకా మందు ఎలా వేస్తారు?”

“ఒక్క చుక్క వేసి... ఆగి చూస్తాం.”

“గబగబా పోసేస్తే?”

“పరీక్షే పాడవుతుంది,” అని తల్లి నోరు కట్టేసుకుంది.

చాలాసేపటికి పిల్ల గొంతు విప్పింది. “అమ్మమ్మకి కళ్ళద్దాలు మార్చినప్పుడు, లెన్సు మీద లెన్సు వేసి చూపించారు. ఏది ఎందుకు పనిచేస్తోందో తెలుసుకోవాలనిపించింది. కళ్ళు పరీక్షించే చదువు చదువుతాను. దానికి ఫిజిక్స్, బయాలజీ రెండూ కావాలట. ఫిజిక్స్‌లో లెక్కలే తప్పుతాను మేడం, పాఠం నాకిష్టం.”

ఒక్క కంచంలో తింటూ కూడా ఈ మాట తల్లి చెవిన పడలేదు. చెప్పే సందు తనెప్పుడిచ్చింది గనక?

“రెండూ ఉంచుదాం. లెక్కలకి సాయంత్రాలు నా దగ్గరికి రా,” అంది మేడం.

ఇప్పుడు ఇంట్లో లెక్క తప్పినా పిల్ల తలెత్తి అమ్మవైపు చూస్తుంది. అమ్మ “ఎక్కడ ఆగిపోయావే?” అని ఒక్క మాట అడిగి, పెదవులు బిగించుకుని కూర్చుంటుంది. ఆ రోజు గుమ్మం దాటుతుంటే మేడం వెనకనుంచి చెప్పిన మాటే ఆమె పట్టుకుంది: “ఒక్క చుక్క వేయండమ్మా. వేసి, ఆగండి.”