పిట్టగోడ దాటిన పొగగొట్టం

శ్యామలాదేవి చేసే అరిసెలకు తిరువూరులో మంచి పేరుంది. వినగడపలో పుట్టి, ఎరువుల కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చి, అత్తగారి దగ్గర నేర్చుకున్న పని అది. ఇప్పుడు సీమంతమైనా పెళ్లయినా విస్సన్నపేట నుంచి కూడా ఆమెకే ఫోన్లు వస్తాయి. ఇబ్బందల్లా గ్యాస్ పొయ్యితోనే. పెద్ద మూకుడు దాని మీద కుదురుగా నిలవదు. సగం వాయిలు వేశాక సిలిండర్ అయిపోతుంది. అందుకని పెరటి వసారాలో కట్టెల పొయ్యి కట్టించుకోవాలనుకుంది.

భర్త రామలింగేశ్వరరావు కొట్టు నడుపుతున్న రోజుల్లో అయితే ఆమె అనుకుంటే సరిపోయేది. కాని ఆయన కొట్టును తమ్ముడికి అప్పగించి ఆ ఏడాదే ఇంటిపట్టున కూర్చున్నాడు. అన్నేళ్లూ మంచినీళ్లకు తప్ప వంటింట్లోకి రాని మనిషి, ఇప్పుడు పోపులో ఆవాలు ఎక్కువయ్యాయని చెప్పేదాకా వచ్చాడు. పొయ్యి మాట వినగానే ఆయనకు చేతినిండా పని దొరికింది.

మేస్త్రీ సురేష్ బాబు "రేపొస్తానమ్మా" అని ఎన్నో రేపులు గడిపి, చివరికి ఒక పొద్దున వచ్చాడు. శ్యామలాదేవి పీట వేసుకుని కూర్చుని చూపించింది.

"ఇంతెత్తు చాలయ్యా. కూర్చుని చేసే పని."

అతను తలూపాడు. ఆమె బజారుకు వెళ్లి వచ్చేసరికి పొయ్యి నడుము దాటి లేచింది.

"ఇదేంటయ్యా?"

"అయ్యగారు పెంచమన్నారండి."

"ఈ రోజుల్లో కింద కూర్చుని ఎవరు చేస్తారు? నీ మోకాళ్ల కోసమే చెప్పాను," అన్నాడు రామలింగేశ్వరరావు గుమ్మంలోంచి.

ఆమె మనిషి పొట్టి. మూకుడు ఎక్కిస్తే అంచు గడ్డం దాకా వచ్చింది. అరిసె ఎర్రబడిందో లేదో చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. పళ్లు బిగబట్టి దాన్ని పడగొట్టించింది.

రెండోసారి ఎత్తు కుదిరింది గాని పొగగొట్టం దగ్గర పేచీ వచ్చింది. ఇంటికి కొత్తగా రంగులు వేయించారు. డాబా మీద రేకు గొట్టం లేస్తే వీధిలోకి అసహ్యంగా కనబడుతుందని, ఆయన దాన్ని పిట్టగోడ కిందే పక్కకు వంచమన్నాడు. ఆమె వద్దంది. మేస్త్రీ ఇద్దరి మొహాలూ చూసి ఆయన మాటే విన్నాడు.

పొయ్యి ఆరాక పాలు పొంగించారు. మొదట కట్టెలు బాగానే అంటుకున్నాయి. కాసేపటికి గాలి తిరిగింది. పొగలో సగం వసారాలోకి వచ్చింది. మిగతా సగం పక్కింటి కిటికీలో దూరింది. ఆ ఇంట్లో ఉండే లిడియా నర్సు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. దగ్గుకుంటూ గోడ దగ్గరకు వచ్చింది.

"ఇల్లు తగలబడుతోందనుకున్నానండీ ఆంటీ!"

శ్యామలాదేవికి తల కొట్టేసినట్లయింది. "పడుకోమ్మా, ఇప్పుడే ఆర్పేస్తాను," అని కట్టెల మీద నీళ్లు చల్లింది. కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళితే, ఫ్యాను కింద కూర్చున్న భర్త, "కట్టెలు పచ్చివై ఉంటాయి," అన్నాడు.

"కట్టెలు ఎండినవే! మీ కొట్లో యూరియా బస్తా ఎక్కడ పెట్టుకోవాలో నేనెప్పుడైనా చెప్పానా?"

"అది వేరు."

"ఏం వేరు? కూర్చునేది నేను, కళ్లు మండేది నాకు, మాట పడేది నేను. గొట్టం మాత్రం మీ ఇష్టమా?"

ఆయన పేపరు తిరగేశాడు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

ఆ వారంలోనే విస్సన్నపేటలో చుట్టాల గృహప్రవేశం వచ్చింది. ఒంట్లో బాగోలేదని చెప్పి ఆయన్ను ఒక్కణ్ణే పంపింది. బస్సు ఎక్కానని ఆయన ఫోన్ చేయగానే మేస్త్రీని పిలిపించింది.

"గొట్టం పిట్టగోడ మీద మనిషెత్తు లేవాలి. వాన పడకుండా పైన రేకు మూత పెట్టు. అయ్యగారు ఊళ్లో లేరు. ఎవర్నీ అడక్కు."

సురేష్ బాబు నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

మధ్యాహ్నానికి పని అయింది. పొయ్యి వెలిగించి పెరట్లోకి వచ్చి చూసింది. పొగ తిన్నగా పైకి పోతోంది. గొట్టం మాత్రం నిజంగానే అసహ్యంగా ఉంది. అయినా ఆమె దాన్ని చూస్తూ చాలాసేపు నిలబడింది. లిడియా కిటికీ తెరిచే ఉంది, దగ్గు వినబడలేదు. పీట మీద కూర్చుని, మంట ఎక్కువైతే కట్టె వెనక్కి లాగుతూ, వాయి మీద వాయి తీసింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు ఎంతో హాయిగా గడిచింది.

సాయంత్రం వీధిలోంచే కేక వినబడింది. "ఏంటిది శ్యామలా! మన ఇల్లా, రైస్ మిల్లా?"

ఆమె మూకుట్లోంచి వాయి తీసింది. ఆయన విసవిసా పెరట్లోకి వచ్చేసరికి వేడి అరిసెలు రెండు పళ్లెంలో పెట్టి చేతికిచ్చింది. మొదటిది కోపంగా తిన్నాడు. రెండోది నెమ్మదిగా తిన్నాడు. పొయ్యి గురించి ఒక్క మంచి మాట అంటాడేమోనని ఆమె ఆయన మొహంలోకే చూసింది.

"పాకం కాస్త ముదిరింది," అన్నాడు.

శ్యామలాదేవి పళ్లెం లాగేసుకుంది. "మీరు లోపలికి పదండి," అంది. ఆయన వెళ్లాక తర్వాతి వాయి వేసింది.