విన్నవాళ్ళకే మైల

ఖతర్‌లో మా క్యాంప్‌లో నా పక్క మంచం ఒక ఏసీ మెకానిక్‌ది. బాలి దీవి వాడు. నేను అయినదానికీ కానిదానికీ అరిచే మనిషిని. వాడు మాత్రం "భాయ్, గుస్సా మాఫీ" అని, కోపం వద్దన్నట్టు నవ్వి ఊరుకునేవాడు. వాడి కూతురు మొదటిసారి గుడిలో నాట్యం చేయబోతోంది, వాడికి సెలవు దొరకలేదు. నాకు దొరికింది. "ఇంటికి పోయే ముందు మా ఊరు పోయి రా భాయ్. నువ్వు ఫోన్ పట్టుకో, నేను ఇక్కణ్ణుంచి చూస్తా" అని ప్రాణం తీశాడు. పిల్లకూ అదే మాట ఇచ్చాడు.

సరేనని బాలిలో దిగాను. నాట్యం సాయంత్రం. పొద్దున అగ్నిపర్వతం చూపిస్తానని వాడి తమ్ముడు నన్ను చీకటితోనే లేపాడు. యాత్రికులను కొండెక్కించడమే అతని పని. ఎడారి చదునుకు అలవాటుపడ్డ కాళ్ళు నావి. నల్ల ఇసుకలో అడుగు వేస్తే అడుగు జారుతోంది. తిట్టుకుంటూనే ఎక్కాను. పైన రాళ్ళ సందుల్లోంచి ఆవిరి పొగలు. తమ్ముడు అందులోనే కోడిగుడ్లు ఉడకబెట్టాడు. పొద్దు పొడుస్తుంటే, అబ్బ, పంపినందుకు వాడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

అప్పుడే క్యాంప్ నుంచి ఫోన్. మా గదిలోనే ఉండే మా జిల్లా మనిషి.

"అన్నా, మన బాలి భాయ్‌కి తబియత్ జర మంచిగ లేదే. దవాఖానల ఉన్నడు. ఇంట్లోళ్లకు నిమ్మళంగ చెప్పు."

గల్ఫ్‌లో మనిషి పోతే ఇంటికి మేము మొదట చెప్పే మాట అదే. నేనే ఎందరికో చెప్పాను.

"నాకే చెప్తున్నవా గా ముచ్చట? ఉన్నడా, లేడా?" అని అరిచాను.

"లేడే అన్నా. నిద్రలనే పోయిండు" అని ఏడ్చాడు.

తమ్ముడికి చెప్పాను. ఒలుస్తున్న గుడ్డు అతని చేతిలోనే ఉండిపోయింది. వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇంట్లో తెలిస్తే మైల. పిల్ల గుళ్ళో అడుగు పెట్టకూడదు" అన్నాడు. మా దగ్గరా అంతే, కబురు విన్నప్పటి నుంచే మైల. తమ్ముడే మళ్ళీ, "నేను విన్నాను, లోపలికి రాను. నువ్వు బంధువువి కావు, నీకు మైల లేదు. తల్లీపిల్లా వినలేదు. నాట్యం అయ్యేదాకా విననివ్వకు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇదేం న్యాయమని అడగబోయి, అతని మొహం చూసి నోరు మూసుకున్నాను.

సాయంత్రం పిల్ల తల్లి నవ్వుతూ, గుడి ఆచారమని నా నడుముకు గుడ్డ కట్టి ముందు వరసలో కూర్చోబెట్టింది. తమ్ముడు ఏదో పనున్నట్టు గుడి వాకిట్లోనే ఆగిపోయాడు. పిల్ల బంగారు పూల కిరీటంతో వచ్చింది. ఆ నాట్యంలో కళ్ళు చటుక్కున పక్కకు తిప్పాలట. తిప్పినప్పుడల్లా ఆ పిల్ల నా చేతిలో ఫోన్ వైపే చూసింది. అవతల ఎవరూ లేని ఫోన్‌ను ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. నా దుఃఖం ఆ దేవుడికే తెలుసు.

అయిపోగానే చెమటతో పరుగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుని, "బాపా?" అంది. మా ఇంట్లో నా బిడ్డ కూడా నన్ను బాపూ అనే పిలుస్తుంది. గుడి లోపల చెప్పకూడదు. వాకిలి వైపు చెయ్యి చూపించాను, బయట బాగా వినబడుతుందన్నట్టు.

ఫోన్ చెవికి ఆనించుకుని, "బాపా, బాపా" అని పిలుస్తూ, నవ్వుకుంటూ వాకిలి దాటింది. అక్కడ బాబాయి నిలబడి ఉన్నాడు.