నందిగామలో పదకొండో రోజు

ఆదివారం బడి లేదు కాబట్టి నాకు వంట పని లేదు. జగ్గయ్యపేట బస్టాండులో రెండు ఇడ్లీలు తిని, ఏడుంబావుకి విజయవాడ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు నందిగామకి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్ కొట్టాడు. సంచిలో నాలుగు నిమ్మకాయలు, ఒక స్టీలు గ్లాసు.

నందిగామలో మా బడి వంటవాళ్ల యూనియన్, కాలేజీ పిల్లలు కలిసి రిలే దీక్ష చేస్తున్నారు. కరపత్రాలు పంచినందుకు నలుగురు విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయాలని. రోజుకొక జట్టు పదింటి నుంచి అయిదింటి దాకా పస్తుంటుంది. ఒక్క రోజు ఖాళీ పోయినా దీక్ష ఆగిపోయినట్టే. ఆ రోజు ముగ్గురు పిల్లల వంతు. సాయంత్రం వాళ్లకి నిమ్మరసం ఇవ్వడానికి పెద్దదాన్నని నన్ను పిలిచారు. పగలంతా వాళ్ల దగ్గరే ఉందామని పొద్దున్నే బయల్దేరాను. ముగ్గురూ నా చేతి అన్నం తిన్నవాళ్లే. వాళ్లలో గుడ్డు పచ్చసొన తీసి పక్కన పెట్టేదెవరో ఇప్పటికీ చెప్పగలను.

పక్క సీటావిడ కంచికచర్లలో పెళ్లికి వెళ్తోంది. మీరూ పెళ్లికేనా అని అడిగితే, పిల్లల్ని చూడ్డానికని చెప్పాను.

ఎనిమిది దాటాక దిగి వెళ్లి చూస్తే టెంటు లేదు. గుంజలు పాతిన గుంతలున్నాయి. పక్కనున్న సోడా బండి మస్తాన్ గారు చెప్పారు, తెల్లారుతూనే పోలీసులొచ్చి టెంటు పీకేసి, రాత్రే వచ్చి అందులో పడుకున్న ముగ్గురు పిల్లల్నీ స్టేషన్‌కి తీసుకెళ్లారట. అట్టబోర్డు మాత్రం ఆయన బండి కింద దాచారు. యూనియన్‌కి ఫోన్ చేస్తే, రేపటి జట్టు సిద్ధమే గానీ ఇవాళ పదింటికల్లా ఎవరూ రాలేరన్నారు.

బోర్డు మీద ‘10వ రోజు’ అని ఉంది. సున్నా గీకేసి బొగ్గుతో ఒకటి గీశాను. పదింటికి ఆ గుంతల మధ్య కూర్చున్నాను.

“పొద్దున ఇడ్లీ తిన్నానండి,” అన్నాను.

“దీక్ష పదింటికి గదమ్మా. ఇడ్లీ ఏడింటిది,” అన్నారు మస్తాన్ గారు.

మీరెవరైనా ఇలా దీక్షకి వెళ్తే గొడుగు మర్చిపోకండి. నేను మర్చిపోయాను. ఒంటిగంటకి ఒక బైకు ఆగింది.

“ఒక్కదానివే కూర్చున్నావేంటమ్మా? నీ మనుషులేరీ?”

“స్టేషన్‌లో ఉన్నారు బాబూ.”

నవ్వి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అయిదింటి దాకా నన్నెవరూ పలకరించలేదు.

దీక్ష ఎవరికి వారు విరమించుకోరు, ఇంకొకరి చేత్తో రసం తాగాలి. మస్తాన్ గారిని అడగలేకపోయాను. ఆయన బండి రోజూ ఆ పోలీసుల ఎదుటే నిలబడాలి. ఆయన రోడ్డు అటూ ఇటూ చూశారు. వచ్చి నా సంచిలోంచి ఒక కాయ తీసుకుని, నా గ్లాసులోనే పిండి తెచ్చారు.

“తాగమ్మా. ఇవాళ్టికి గడిచింది.”

ఆరింటి బస్సులో పక్క సీటు ఖాళీ. పిల్లల్ని వదిలారని ఫోనేమీ రాలేదు. చిల్లకల్లు దాటాక సంచి ఒళ్లో పెట్టుకున్నాను. మూడు కాయలు మిగిలాయి. అవి వాళ్లవి. రేపు బడి వంటలోకి వాడను.